ఇళ్ల సంఘాల మీద సర్కారు కన్ను

అమెరికాలో కాలనీ ఇల్లో, అపార్ట్‌మెంట్ ఫ్లాటో కొన్నవారికి దానితో పాటే ఒక సంఘంలో సభ్యత్వం కూడా వచ్చిపడుతుంది. ఇష్టమైతే చేరడం, లేకపోతే మానేయడం అనేది ఉండదు. ఇల్లు ఎవరి పేరున ఉంటే వారే సభ్యులు. విడివిడి ఇళ్ల కాలనీల్లో ఉండేది హోమ్ ఓనర్స్ అసోసియేషన్, వాడుకలో హెచ్‌ఓఏ. ఫ్లాట్లు ఎవరివి వారివై, పునాదీ పైకప్పూ లిఫ్టులూ అందరివీ అయిన భవనాన్ని కాండోమినియం అంటారు, క్లుప్తంగా కాండో. దానికీ ఒక సంఘం ఉంటుంది. సభ్యులు ఎన్నుకున్న బోర్డు నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేస్తుంది, గోడకు ఏ రంగు వేయాలో, గడ్డి ఎంత ఎత్తు దాటకూడదో చెబుతుంది, వినని వారికి జరిమానా వేస్తుంది. ఇంతవరకు హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్ల వారికి కొత్తేమీ కాదు. అసలు బలం ఆ తర్వాతిది: మెయింటెనెన్స్ బాకీ పడితే సంఘం ఆ ఇంటి మీదే హక్కు నమోదు చేయించుకుని, చివరికి ఇంటిని వేలం వేయించగలదు. ఇంత అధికారం ఉన్న సంస్థను ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్న ప్రశ్న అక్కడ యాభై ఏళ్లుగా నలుగుతోంది.

ఈ సంఘాల తరఫున మాట్లాడే కమ్యూనిటీ అసోసియేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం 1970లో దేశం మొత్తం మీద ఇలాంటివి దాదాపు 10,000. ఇప్పుడు 3.5 లక్షలు దాటాయి, వాటిలో నివసించేవారు 7 కోట్లకు పైనే. జనం ముచ్చటపడి చేరితే పెరిగిన లెక్క కాదిది. 1961 నాటి ఫెడరల్ గృహ చట్టం కాండో ఫ్లాట్ల రుణాలకు ప్రభుత్వ బీమా కల్పించింది, ఆ దశాబ్దంలోనే రాష్ట్రాలు వరసగా కాండో చట్టాలు చేసుకున్నాయి. పట్టణ పాలకులకూ ఈ ఏర్పాటు బాగా గిట్టుబాటయింది. కొత్త కాలనీలో రోడ్లు, కాలువలు, పార్కు సంఘమే చూసుకుంటుంది, ఆస్తి పన్ను మాత్రం ఎప్పటిలా ఖజానాకే వస్తుంది. సంఘం ఉంటేనే లేఅవుట్‌కు అనుమతి అనే దాకా కొన్ని ఊళ్లు వెళ్లాయి. మునిసిపాలిటీ చేసే పనులు చేస్తూ, మునిసిపాలిటీలాగే వసూలు చేస్తూ, మునిసిపాలిటీకి ఉండే కట్టుబాట్లు మాత్రం లేని సంస్థ అలా వేళ్లూనుకుంది.

కోర్టులు కూడా దీన్ని ప్రభుత్వంగా చూడలేదు. న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే పెద్ద కాలనీలో సైన్‌బోర్డులు పెట్టుకోవడం, సమావేశ మందిరం వాడుకోవడం మీద సంఘం విధించిన ఆంక్షలను కొందరు నివాసులు సవాలు చేశారు. తమ వాక్స్వాతంత్ర్యానికి భంగం కలిగిందన్నది వారి వాదన. 2007లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు సంఘం పక్షానే తీర్పు చెప్పింది. సొంతింటి కిటికీలో రాజకీయ నినాదం పెట్టుకోవడాన్ని బొత్తిగా నిషేధించడం చెల్లదని అదే కోర్టు 2012లో మరో కేసులో అన్నా, మూలసూత్రం మారలేదు: ఇది కొనుగోలుదారు ఒప్పుకుని సంతకం పెట్టిన కాంట్రాక్టు. అయితే ఆ కాంట్రాక్టు వందల పేజీల్లో ఉంటుందనీ, బేరమాడే అవకాశం ఎవరికీ ఉండదనీ అందరికీ తెలుసు.

ఫెడరల్ ప్రభుత్వం జోక్యం చేసుకున్న సందర్భాలు తక్కువ, కానీ కొన్ని గట్టివి. నల్లజాతివారికి ఇల్లు అమ్మకూడదన్న కాలనీ షరతులను కోర్టుల ద్వారా అమలు చేయించడం కుదరదని 1948లో సుప్రీం కోర్టు తేల్చింది. 1968 నాటి చట్టం ఇళ్ల విషయంలో వివక్షనే నిషేధించింది. మీటరు వ్యాసం లోపు డిష్ యాంటెన్నాను అడ్డుకోకూడదన్న నియమం 1996లో, ఇంటి ముందు జాతీయ జెండా ఎగరేసే హక్కు 2006లో వచ్చాయి. మిగతాదంతా రాష్ట్రాల చేతిలోనే ఉంది, రాష్ట్రానికో తీరు.

తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్ సంగతే చూస్తే, అక్కడ చట్టాలు ఫిర్యాదుల వెనకాలే నడిచాయి. విదేశంలో విధుల్లో ఉన్న ఒక సైనికాధికారి ఇల్లు కొద్ది వందల డాలర్ల బాకీకి వేలంలో పోయిందన్న వార్త దేశమంతా పాకింది. ఆ తర్వాత 2011లో, కోర్టు ఉత్తర్వు లేకుండా సంఘాలు బాకీల కింద ఇళ్లను వేలం వేయకూడదని నిబంధన వచ్చింది. గుమ్మానికి మతపరమైన వస్తువు పెట్టుకునే హక్కు కూడా ఆ ఏడాదే దక్కింది. అయితే అది 25 చదరపు అంగుళాలు మించితే సంఘం అభ్యంతరం చెప్పవచ్చు. ఐదంగుళాల పొడవు, ఐదంగుళాల వెడల్పు అన్నమాట. ద్వారబంధం ఈ చివర నుంచి ఆ చివరకు కట్టే మావిడాకుల తోరణం ఆ లెక్కలో ఇమడదు. 2021లో ఆ కొలత తీసేశారు.

పర్యవేక్షణకు ఒక శాఖనే పెట్టిన రాష్ట్రాల్లో ఫ్లోరిడా ముఖ్యమైనది. సముద్ర తీరం పొడవునా కాండో భవనాలు లేచిన తొలి దశాబ్దాల్లో కొందరు బిల్డర్లు ఒక కిటుకు కనిపెట్టారు. ఈత కొలను, క్లబ్బు తమ పేరునే ఉంచుకుని, ఫ్లాట్లు కొన్నవారికి వాటిని 99 ఏళ్ల లీజుకు ఇచ్చేవారు, ధరలతో పాటు అద్దె పెరిగేలా రాసుకునేవారు. వీటిమీద రేగిన గొడవల్లోంచి కాండో చట్టానికి కోరలు మొలిచాయి. ఇప్పుడు ప్రతి కాండో ఫ్లాటు తరఫున ఏటా 4 డాలర్ల రుసుము రాష్ట్ర కాండోమినియంల విభాగానికి చేరుతుంది. ఆ విభాగం ఫిర్యాదులు తీసుకుంటుంది, విచారిస్తుంది, ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా జరిమానా వేయగలదు. 2004 నుంచి అంబుడ్స్‌మన్ పదవి కూడా ఉంది. బోర్డు ఎన్నికల మీద అనుమానం ఉంటే, ఓటు హక్కుల్లో 15 శాతం ఉన్నవారో, ఆరుగురు యజమానులో, ఏది ఎక్కువైతే అంతమంది కోరితే పరిశీలకుణ్ణి పంపమని ఆయన్ను అడగవచ్చు. పది యూనిట్లు మించిన సంఘానికి జీతం తీసుకుని మేనేజరుగా పనిచేయాలంటే లైసెన్సు ఉండాలి.

వినడానికి ఇదంతా గట్టి ఏర్పాటులాగే ఉంటుంది. కానీ బిల్డరు చేతినుంచి సంఘం యజమానుల చేతికి మారాక ఆ విభాగం పరిధి ఒక్కసారిగా కుంచించుకుపోయేది. లెక్కలు, ఎన్నికలు, రికార్డుల తనిఖీ హక్కు దాకానే దాని మాట చెల్లేది. భవనం గట్టిగా ఉందా, మరమ్మతులకు డబ్బు పోగవుతోందా అన్నవి సభ్యుల సొంత వ్యవహారాలు. మరమ్మతుల రిజర్వు నిధి ఈ ఏడాది వద్దు అని ఓటు వేసుకునే వీలు చట్టమే ఇచ్చింది. ఏటేటా చాలాచోట్ల అలాగే వేసుకున్నారు. మూడంతస్తులు మించిన కాండోలను ఐదేళ్లకోసారి ఇంజనీరుతో చూపించాలని 2008లో ఒక నిబంధన తెచ్చారు. ఖర్చు భారమన్న వాదన గెలిచి, 2010లో దాన్ని ఎత్తేశారు.

2021 జూన్ 24 తెల్లవారుజామున మయామీ పక్కనున్న సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల కాండోలో పెద్ద భాగం కూలిపోయింది. 98 మంది చనిపోయారు. ఆ భవనం 1981 నాటిది, 136 ఫ్లాట్లు. ఈత కొలను డెక్ కింద కాంక్రీటు దెబ్బతిందని 2018లోనే ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. ఎంత ఖర్చు పెట్టాలి, ఎవరెంత కట్టాలి అన్న తగవుల మధ్య 2019లో బోర్డు సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. ఎట్టకేలకు 1.5 కోట్ల డాలర్ల పనికి 2021 ఏప్రిల్‌లో ప్రత్యేక వసూలు ఖరారైంది. రెండు నెలలు తిరక్కుండానే భవనం కూలింది. తప్పంతా సంఘానిదే అనడం కూడా సరికాదు. ఆ డెక్ డిజైనే మొదటినుంచీ నిర్మాణ నియమావళి కోరినంత బలంగా లేదని తర్వాత ఫెడరల్ దర్యాప్తులో బయటపడింది. అంటే నలభై ఏళ్ల కిందట అనుమతులు ఇచ్చిన ప్రభుత్వ యంత్రాంగానికీ ఇందులో వాటా ఉంది.

మరుసటి ఏడాది మే నెలలో ఫ్లోరిడా శాసనసభ కొత్త చట్టం చేసింది. మూడంతస్తులు, అంతకు మించిన కాండోలకు 30 ఏళ్లు నిండగానే లైసెన్సున్న ఇంజనీరు లేదా ఆర్కిటెక్టు తనిఖీ తప్పనిసరి. సముద్రానికి దగ్గరైతే 25 ఏళ్లకే అడగవచ్చు. ఆపైన పదేళ్లకోసారి. పైకప్పు, నిర్మాణ భాగాలు, నీటి గొట్టాలు, కరెంటు వంటివి ఇంకెన్నాళ్లు నిలుస్తాయి, మార్చడానికి ఎంతవుతుంది అని లెక్కగట్టించి, ఆ మేరకు నిధి పోగేయాలి. 2024 చివరి నుంచి ఆ నిధిని ఓటుతో మానేసే వీలు పోయింది. 2024లో మరో చట్టం విభాగం పరిధిని పెంచింది. బోర్డు సభ్యులకు శిక్షణ తప్పనిసరి చేసింది, కాంట్రాక్టర్ల దగ్గర లంచం పుచ్చుకోవడాన్ని నేరం చేసింది.

అక్కడే అసలు చిక్కు మొదలైంది. దశాబ్దాలుగా వాయిదా వేసిన ఖర్చు రెండు మూడేళ్లలో మీద పడింది. పెన్షను మీద బతికే వృద్ధులకు నెలవారీ మొత్తం పెరగడమే కాక, వేల డాలర్ల ప్రత్యేక వసూలు నోటీసులు వచ్చాయి. పాత భవనాల్లో ఫ్లాట్లు అమ్మకానికి పెట్టినవారు ఎక్కువై, కొనేవారు తగ్గారు. దాంతో 2025లో శాసనసభ కొంత పట్టు సడలించింది: రిజర్వు లెక్కల గడువు ఏడాది పొడిగించింది, నిధికి బదులు అప్పు తెచ్చుకునే వీలిచ్చింది, తనిఖీ పూర్తి చేసుకున్న భవనాలకు రెండేళ్లు నిధి జమ ఆపుకునే అవకాశం కల్పించింది. 2010లో వెనక్కి లాగిన భయమే ఇదీ. తేడా ఏమిటంటే, ఈసారి తనిఖీని మాత్రం ముట్టుకోలేదు.

కాండోల సంగతి ఇలా ఉంటే, అదే ఫ్లోరిడాలో హెచ్‌ఓఏల లెక్క వేరు. వాటిని అదుపు చేయడానికి ప్రభుత్వ శాఖ పెట్టడం ఆ సంఘాలకు గానీ, సభ్యులకు గానీ మేలు కాదని చట్టంలోనే రాసి ఉంది. అందుకే ఎన్నికలు, బోర్డు సభ్యుల తొలగింపు మీద వచ్చే తగాదాలు తప్పిస్తే, మిగిలినవి మధ్యవర్తి దగ్గరికో కోర్టుకో వెళ్లాల్సిందే. మన దగ్గర 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం దారీ అటే: సొసైటీగా నమోదైన సంఘంలో యాజమాన్య తగాదా వస్తే రిజిస్ట్రార్ తీర్పు చెప్పడు, మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లమంటుంది చట్టం. కోర్టుకు వెళ్లిన సభ్యుడు లాయరుకు తన జేబులోంచి ఇస్తాడు. సంఘం ఇచ్చేది ఆ సభ్యుడితో సహా అందరూ కట్టిన డబ్బులోంచి. ఈ అసమానతను ఏ సవరణా పూర్తిగా తీర్చలేకపోయింది.

2022 నవంబరులో మయామీ-డేడ్ కౌంటీలోని హ్యామాక్స్ అనే వేల ఇళ్ల కాలనీలో, సంఘం డబ్బు 20 లక్షల డాలర్లకు పైగా దారి మళ్లించారన్న ఆరోపణపై పదవుల్లో ఉన్నవారినీ మాజీలనూ అరెస్టు చేశారు. కోర్టు సంఘాన్ని రిసీవరుకు అప్పగించింది. ఏళ్ల తరబడి రికార్డులు చూపించమని సభ్యులు మొత్తుకున్నా దారి దొరకని కేసది. ఆ తర్వాత 2024లో హెచ్‌ఓఏ చట్టం కూడా మారింది. బోర్డు సభ్యులకు శిక్షణ, వంద, అంతకు మించి ఇళ్లున్న సంఘాలు రికార్డులను ఆన్‌లైన్‌లో ఉంచడం తప్పనిసరి అయ్యాయి. చెత్తబుట్ట వీధిలో కాసేపు ఎక్కువ ఉందని జరిమానా వేయడం వంటి చాదస్తాలకూ కళ్లెం వేశారు. కానీ శాఖ మాత్రం రాలేదు.

ఇతర రాష్ట్రాల్లో నెవాడాది కొంత ముందడుగు. కాండోలకూ కాలనీలకూ కలిపి ఒకే అంబుడ్స్‌మన్, శిక్షించే అధికారమున్న కమిషన్ అక్కడ ఉన్నాయి. అయినా లాస్ వేగస్‌లో ఒక కాంట్రాక్టరు, కొందరు లాయర్లు కలిసి బినామీ కొనుగోలుదారులను ప్రవేశపెట్టి, దొంగ ఓట్లతో బోర్డులు చేజిక్కించుకుని, మరమ్మతు కాంట్రాక్టులూ దావాలూ తమకే రాసుకున్నారు. దాన్ని పట్టుకున్నది ఎఫ్‌బీఐ. 40 మందికి పైగా దోషులుగా తేలారు, సూత్రధారి అయిన కాంట్రాక్టరుకు 2015లో 15 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. కొలరాడో 2011 నుంచి నడుపుతున్న కార్యాలయం ఫిర్యాదులు నమోదు చేసుకుని సమాచారం ఇస్తుంది, చర్య తీసుకునే అధికారం దానికి లేదు. కాలిఫోర్నియాలో శాఖే లేదు. అక్కడ రహస్య బ్యాలెట్, స్వతంత్ర ఎన్నికల అధికారి, వేలానికి కనీస బాకీ 1,800 డాలర్లు లేదా ఏడాది ఎగవేత వంటి వివరమైన నియమాలను చట్టంలోనే రాసి, అమలు భారాన్ని సభ్యుల మీద వదిలారు.

వీటన్నిటికంటే వేగంగా పనిచేసిన తనిఖీ మరో వైపు నుంచి వచ్చింది. అమెరికాలో బ్యాంకులు ఇచ్చే గృహరుణాల్లో చాలా భాగాన్ని ఫ్యానీ మే, ఫ్రెడీ మాక్ అనే సంస్థలు కొనుగోలు చేస్తాయి. ఈ రెండూ 2008 నుంచి ఫెడరల్ ప్రభుత్వ సంరక్షణలో ఉన్నాయి. సర్ఫ్‌సైడ్ తర్వాత, ముఖ్యమైన మరమ్మతులు వాయిదా వేసిన భవనాల్లోని ఫ్లాట్ల రుణాలు తీసుకోబోమని అవి తేల్చి చెప్పాయి. సంఘం బడ్జెట్‌లో సాధారణంగా 10 శాతమైనా రిజర్వుకు పోవాలని కూడా ఫ్యానీ మే చూస్తుంది. అందుకే ఫ్లాటు కొనేవారికి రుణం మంజూరు చేసే ముందు బ్యాంకు నుంచి సంఘానికి ప్రశ్నల పత్రం వెళుతుంది: తనిఖీ ఎప్పుడు జరిగింది, ఇంజనీరు ఏం రాశాడు, నిధిలో ఎంత ఉంది. జవాబులు సరిగ్గా లేకపోతే ఆ భవనంలో మామూలు రుణంతో ఫ్లాటు కొనడం కష్టమవుతుంది, చేతిలో మొత్తం డబ్బు ఉన్నవారే కొనగలుగుతారు.