పట్టి వదిలే చేప

చేపను ఎందుకు పడతారు? ఈ మాట అడిగితే ఎవరైనా నవ్వుతారు. కూరకు పడతారు. అమ్ముకోవడానికి పడతారు. ఎండబెట్టి దాచుకోవడానికి పడతారు. ఇంకెందుకు?

కాని ఇంకో రకం వేట కూడా ఉంది. కొందరు గంటల తరబడి ఏటి ఒడ్డున కూర్చుంటారు. గాలం వేస్తారు. చేప పడుతుంది. దాన్ని తూకం వేస్తారు. ఫొటో తీసుకుంటారు. మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. కూర లేదు, డబ్బు లేదు. పైగా ఈ వేట కోసం వాళ్లే డబ్బు కడతారు. దీన్నే సరదా వేట అంటారు.

వినడానికి వింతగా ఉంటుంది. కాని ఈ సరదా వేట మీద మన దేశంలో పెద్ద వాదనే జరిగింది. చేపను కాపాడాలని ఒక రూలు అమలు చేశారు. దాని వల్ల చేపకు మేలు జరిగిందా, కీడు జరిగిందా? ఇదే ఆ వాదన. ఇది మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, కావేరి నది మీద జరిగిన సంగతి. ఇది తెలుసుకుంటే మన చెరువుల మీద, మన సముద్రం మీద పెట్టే రూళ్ల గురించి కూడా ఆలోచించవచ్చు.

కావేరిలో పెద్ద చేప

కావేరి నదిలో మహసీర్ అనే చేప ఉంది. ఇది మనకు తెలిసిన బొచ్చె, శీలావతి చేపల కుటుంబమే. పెద్ద పెద్ద పొలుసులు ఉంటాయి. మహసీర్‌లో చాలా రకాలు ఉన్నాయి. కావేరిలోని ఒక రకానికి తల వెనక వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది. చూస్తే ఎద్దు మూపురంలా ఉంటుంది. అందుకని దాన్ని మూపురం మహసీర్ అనుకుందాం. ఈ రకం కావేరిలోను, దాని ఉపనదుల్లోను తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ఇది ఎంత పెద్దది అవుతుంది? 1946లో మైసూరు ప్రాంతంలోని కబిని నదిలో ఒక చేప గాలానికి పడింది. దాని బరువు 54 కిలోలు. అంటే ఒక బియ్యం బస్తా కంటే ఎక్కువ!

దీన్ని పట్టడానికి ఎర ఏమిటో తెలుసా? రాగి ముద్ద. రాగి పిండిని గట్టిగా ఉడికించి ఉండలు చేస్తారు. ఆ ఉండను గాలానికి గుచ్చి నదిలో వేస్తారు. మనుషులు తినే ముద్దే చేపకూ ఇష్టం.

వానలు పడి నదికి కొత్త నీరు వచ్చినప్పుడు ఈ చేప గుడ్లు పెడుతుంది. అందుకోసం ఏటికి ఎదురీదుతూ పైకి పోతుంది. దారిలో ఆనకట్ట అడ్డం వస్తే ఆగిపోతుంది. కావేరి మీద పెద్ద ఆనకట్టలు చాలా ఉన్నాయి. తమిళనాడులోని మెట్టూరు ఆనకట్ట 1934లో పూర్తయింది. అట్లా ఒక్కొక్క ఆనకట్టతో చేప తిరిగే దారి తగ్గిపోయింది.

ఆనకట్టల కంటే కళ్ల ముందు కనిపించే కీడు ఇంకొకటి ఉంది. అదే తూటా. బండలు పగలగొట్టే పేలుడు మందును కొందరు దొంగతనంగా నదిలో వేస్తారు. మడుగులో ఉన్నవన్నీ చస్తాయి. పెద్ద చేప, చిన్న చేప, గుడ్లు ఏవీ మిగలవు. పైకి తేలినవి ఏరుకుంటారు. అడుగుకు పోయినవి అక్కడే కుళ్లిపోతాయి. కొన్నిసార్లు తూటా చేతిలోనే పేలి మనుషులకు చేతులు పోతాయి.

కాపలా ఎట్లా వచ్చింది?

1970లలో ఇంగ్లండు నుంచి కొందరు సరదా వేటగాళ్లు కావేరికి వచ్చారు. ఇంకా ఇక్కడ పెద్ద మహసీర్ ఉందని లోకానికి తెలిసింది. తరువాత భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి అనే చోట్ల నది ఒడ్డున విడిది శిబిరాలు వెలిశాయి. ఇవి బెంగళూరుకు దక్షిణంగా అడవిలో ఉన్నాయి. దేశ విదేశాల నుంచి జనం డబ్బు కట్టి వచ్చేవాళ్లు.

అక్కడ మొదటి రూలు ఒకటే. పట్టిన చేపను ప్రాణంతో నదిలో వదలాలి. చంపకూడదు, తినకూడదు.

వచ్చిన డబ్బుతో నదికి కాపలా పెట్టారు. కాపలా పనిలోకి, దారి చూపే పనిలోకి ఒడ్డు ఊళ్లవాళ్లను తీసుకున్నారు. వాళ్లలో కొందరు అంతకు ముందు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లే. ఏ మడుగులో చేప ఉంటుందో వాళ్లకు తెలుసు. తూటా వేసేవాడు ఏ దారిన వస్తాడో కూడా తెలుసు. నెల జీతం వస్తున్నప్పుడు తూటా వేయాల్సిన పని ఏముంది? పాత వేటగాడే కావలివాడు అయ్యాడు.

రూలు వచ్చింది

మన దేశంలో వన్యప్రాణుల చట్టం 1972లో వచ్చింది. వన్యప్రాణులు అంటే అడవిలో, నదిలో స్వేచ్ఛగా బతికే జీవాలు. నదికి ఆ భాగంలో ఉన్న అడవిని 1987లో కావేరి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యం అంటే జీవాలకు భయం లేని అడవి. అక్కడ వేట నేరం.

మరి చేపను పట్టి వదిలేయడం వేట అవుతుందా? చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం కూడా వేటే. ఎర వేయడం కూడా వేటే. అందువల్ల అభయారణ్యంలో గాలం వేయకూడదని అధికారులు అన్నారు. 2012 నాటికి ఆ శిబిరాల్లో సరదా వేట ఆగిపోయింది.

రెండు వైపుల మాట

రూలు సరైనదే అన్నవాళ్ల మాట ఇది. గాలం గుచ్చుకుంటే చేపకు గాయం అవుతుంది. నీళ్లలోంచి పైకి తీస్తే ఊపిరి ఆడదు. వదిలినా కొన్ని చావవచ్చు. మనుషుల సరదా కోసం ఒక జీవిని ఎందుకు హింసించాలి? పైగా చట్టం అందరికీ ఒకటే కావాలి. ఒడ్డు ఊళ్లో పేదవాడు కూరకు చేప పడితే నేరం. పట్నం నుంచి వచ్చినవాడు ఆటకు పడితే సరదా. ఇదేం న్యాయం?

రూలు తప్పు అన్నవాళ్ల మాట ఇది. గాలం వేసేవాళ్లు ఉన్నంత కాలం నది మీద రోజూ ఎవరో ఒకరి కన్ను ఉండేది. వాళ్లు పోయారు. వాళ్లు కట్టే డబ్బు పోయింది. డబ్బుతో పాటు కాపలా పోయింది. కాపలా లేని నదిలో మళ్లీ తూటాలు పేలాయి. గాలానికి ఒక్క చేపకు గాయం అవుతుంది. తూటాకు మడుగంతా చస్తుంది. ఏది పెద్ద కీడు? చేపల మీద పరిశోధన చేసినవాళ్లు కొందరు ఈ మాటే రాశారు.

రెండు మాటల్లోను నిజం ఉంది. రూలు పెట్టినవాళ్లు చేపకు మేలే కోరారు. కాని రూలుతో పాటు ఆగిపోయిన కాపలా స్థానంలో ఇంకో కాపలా గట్టిగా నిలబడాలి. కాగితం మీద రాసినంత మాత్రాన తూటా ఆగదు. నది ఒడ్డున మనిషి ఉండాలి. ఆ మనిషికి కూలి ఉండాలి.

నోటుపుస్తకం చెప్పిన నిజం

ఈ వాదనలో ఒక నోటుపుస్తకం కూడా సాక్ష్యం చెప్పింది. గాలిబోరె శిబిరంలో ఎవరు చేప పట్టినా వివరాలు పుస్తకంలో రాసేవాళ్లు. ఎన్ని గంటలు గాలం వేశారు? ఎన్ని చేపలు పడ్డాయి? ఒక్కొక్కటి ఎంత బరువు? అన్నీ రాసేవాళ్లు. 1998 నుంచి 2012 దాకా అట్లా రాసిన లెక్కలు ఉన్నాయి. వాటిలో 6 వేలకు పైగా చేపల వివరాలు ఉన్నాయి.

పరిశోధకులు ఆ లెక్కలు తీసి చూశారు. మొదట సంతోషం కలిగింది. ఏడాదికేడాది ఎక్కువ చేపలు పడ్డాయి. అంటే కాపలా ఉన్న చోట చేపలు పెరిగాయి.

ఇంకొంచెం లోతుగా చూస్తే బాధ కలిగింది. చేపల సంఖ్య పెరిగింది గాని సగటు బరువు తగ్గింది. పెరిగినది మూపురం మహసీర్ కాదు, నీలి రెక్కల మహసీర్. అది కావేరిది కాదు. మహారాష్ట్రలో లోనావాలా దగ్గర చేపపిల్లల కేంద్రం ఉంది. అక్కడ పెంచిన నీలి రెక్కల మహసీర్ పిల్లలను ఎన్నో నదుల్లో వదిలారు. కావేరిలో కూడా వదిలారు. నదికి మేలు చేస్తున్నామనే అనుకున్నారు. కాని ఆ చేపలు పెరిగాయి. నదికి సొంత చేప తగ్గుతూ వచ్చింది.

మూపురం మహసీర్‌కి సరైన శాస్త్రీయ నామం కూడా 2018 దాకా తేలలేదు. పేరు తేలిన ఆ ఏడే దాన్ని పూర్తిగా అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. పుస్తకంలో లెక్క రాయకపోతే ఈ సంగతి ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. నదిలో చేపలు బాగానే ఉన్నాయని అందరూ అనుకునేవాళ్లు.

ఇంకో దారి

అన్ని చోట్లా ఒకే పద్ధతి లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో సరదా వేటకు లైసెన్సు ఇస్తారు. లైసెన్సు అంటే డబ్బు కట్టి తీసుకునే అనుమతి కాగితం. ఏ నదిలో పట్టాలి, ఎంత చేప పట్టాలి అనే హద్దులు ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో వేట ఆపేస్తారు. అంటే పూర్తిగా వద్దనడం ఒక దారి. హద్దు పెట్టి ఒప్పుకోవడం ఇంకో దారి.

మన దగ్గర ఎట్లా?

ఇది వేరే రాష్ట్రం సంగతే. సరదా వేట మనలో చాలామందికి తెలియదు. మనకు చేప అంటే బతుకు. కాని రూలు సంగతి వచ్చేసరికి అవే ప్రశ్నలు మన దగ్గరా వస్తాయి.

ఆంధ్ర తీరంలో ప్రతి ఏడూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ముందు 47 రోజులు ఆపేవాళ్లు. 2015 నుంచి 61 రోజులు ఆపుతున్నారు. తల్లి చేప బతికితే ముందు ముందు వల నిండుతుంది. రూలు మంచిదే. కాని ఆ 61 రోజులు పొయ్యి ఎట్లా వెలగాలి? అందుకే ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో ఆ భృతి 10 వేల రూపాయలు అయింది. 2025లో 20 వేల రూపాయలు చేశారు. కావేరిలో కావలివాళ్ల కూలి పోయింది. ఇక్కడ వేట ఆగినవాళ్లకు ఎంతో కొంత ఆసరా దొరికింది. తేడా అదే.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. భృతి బోటు మీద వేటకు పోయేవాళ్ల పేరున వస్తుంది. మరి గంప ఎత్తుకుని ఊరూరా చేపలు అమ్మే ఆడవాళ్లు ఉన్నారు. చేపలు ఎండబెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. వేట ఆగితే వాళ్ల పనీ ఆగుతుంది. రూలు రాసేటప్పుడు వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా?

చెరువుల్లో, ఏళ్లలో తూటా వేయడం, విషం కలపడం మన దగ్గర కూడా నేరమే. 1897 నాటి మత్స్య చట్టంలోనే ఈ మాట ఉంది. విషం కలిపిన నీళ్లు పశువులు తాగుతాయి. మనుషులు కూడా వాడుకుంటారు. కాబట్టి ఇది చేపల గొడవ ఒక్కటే కాదు.

రూలును ఎట్లా చూడాలి?

ఏదైనా కొత్త రూలు వచ్చిందని ఊళ్లో చెబితే నాలుగు సంగతులు అడగవచ్చు. ఈ రూలు దేన్ని కాపాడుతుంది? దీని వల్ల ఎవరి కూలి పోతుంది, వాళ్లకు ఆసరా ఏమిటి? రూలు జరుగుతున్నదని చూసేది ఎవరు? మేలు జరిగిందో లేదో ఎవరు లెక్క రాస్తారు?

ఈ నాలుగూ గ్రామ సభలో అడగవచ్చు. అడగడం తప్పు కాదు. లెక్క రాయడం కూడా కష్టం కాదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. చెరువులో ఏ రకం పిల్లలు వదిలారు, ఎన్ని వదిలారు, ఎప్పుడు పట్టారు, ఎన్ని కిలోలు వచ్చాయి అని తేదీతో సహా రాసి పెడితే మాటకు బలం వస్తుంది.

మాట్లాడుకోండి

1. చేపను పట్టి వదిలేయడం హింస అని మీరు అనుకుంటున్నారా? ఎందుకు?

2. మీ ఊరి చెరువులో లేదా ఏట్లో పదేళ్ల కింద ఏ చేపలు దొరికేవి? ఇప్పుడు ఏవి దొరుకుతున్నాయి? పెద్దవాళ్లను అడిగి పేర్లు రాయండి.

3. వేట ఆపిన రోజుల్లో చేపలు అమ్మే ఆడవాళ్లకు ఏ సాయం ఉండాలి? నలుగురూ కలిసి ఒక అర్జీ రాయండి.