నుదురే కనబడుతోంది, అమ్మమ్మా!

రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి దాకా బస్సులో వెళ్ళేవారికి కనబడేవి లారీలూ, పొగ గొట్టాలూ, కంపెనీ బస్సులూను. వాటి వెనక వున్న ఇళ్ళ సంగతి బస్సులో కూర్చున్నవారికి తెలియదు. భెల్ కర్మాగారంలోనో, ఇక్రిశాట్‌లోనో, భానూరు బి.డి.ఎల్.లోనో, ఎద్దుమైలారం ఆర్డినెన్సు ఫాక్టరీలోనో పాతికా ముప్ఫై యేళ్ళు పనిచేసి రిటైరైన వారిలో చాలామంది తిరిగి సొంత వూరికి పోలేదు. బీరంగూడలోనో, అమీన్‌పూర్‌లోనో ఓ ఇల్లు కట్టుకున్నారు. పిల్లల్ని ఇంజనీర్లను చేశారు. ఆ ఇంజనీర్లు కాస్తా డల్లాస్‌కో, సిడ్నీకో, కనీసం బెంగుళూరుకో చేరుకున్నారు. మూడు పడక గదుల ఇంట్లో మిగిలినది ఇద్దరు. కొన్ని ఇళ్ళల్లో ఒక్కరే.

అదే రోడ్డు పక్కన, పాశమైలారం పారిశ్రామిక వాడ చుట్టుపక్కల, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు చొప్పున కుర్రవాళ్ళు వుంటారు. ఒరిస్సా నుంచి, బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు. అక్కడి ఇళ్ళల్లో తల్లిదండ్రులుండి పిల్లలు లేరు. ఈ గదుల్లో పిల్లలుండి తల్లిదండ్రులు లేరు. రెండు చోట్లా సాయంత్రమయ్యేసరికి చేతుల్లోకి వచ్చేది మాత్రం ఒకటే వస్తువు. మనిషి మొహం చూపించే టెలిఫోను.

ఈ టెలిఫోను నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అమెరికా టెలిఫోను కంపెనీ ఒకటి ‘పిక్చర్ ఫోను’ అనే యంత్రాన్ని జనానికి చూపించింది. జనం బారులు తీరి చూశారు. 1970లో పిట్స్‌బర్గు నగరంలో దాన్ని అమ్మకానికి పెట్టారు. నెలకు 160 డాలర్లు అద్దె! అంత పోసి కొన్నా, అవతలివాడి దగ్గర కూడా అదే యంత్రం వుంటే తప్ప మాట్లాడడానికి వీల్లేదు. కొన్నవాళ్ళు లేక అది మూలపడింది. ధర తగ్గాలి, అందరిదగ్గరా వుండాలి – ఈ రెండూ కుదరడానికి దరిదాపు మరో అర్ధ శతాబ్దం పట్టింది.

మన ప్రాంతంలో అది కుదిరినది 2016లో. ఆ సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు ధరను నేలకు దించింది. అక్టోబరు 11న, దసరానాడు, సంగారెడ్డి జిల్లా అయింది. నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకోండి. అయినా కొత్త జిల్లా వయస్సెంతో, ఇక్కడి అమ్మమ్మలు మనమల మొహాలు రోజూ చూడడం మొదలెట్టిన కాలమూ ఇంచుమించు అంతే.

దాని విలువ 2020లో తెలిసివచ్చింది. మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నది. కందిలో ఐ.ఐ.టి. భవనాలు కడుతున్న కూలీలు ఇళ్ళకు పంపమని ఏప్రిల్ నెలాఖరున రోడ్డెక్కారు. మే 1న తెల్లవారు జామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరిన రైల్లో దాదాపు 1200 మంది వెళ్ళారు. వలస కూలీల కోసం దేశంలో కదిలిన మొదటి రైలు అదే. ఇక 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా పోయినప్పుడు, వారిలో పై రాష్ట్రాల వారే హెచ్చు. అలాటి రోజున ఎక్కడో వూళ్ళో వున్న తల్లికి “బాగానే వున్నానమ్మా” అనే మాట చాలదు. మొహం చూడాలి.

అయితే ఈ వీడియో ఫోను ముసలితనపు ఒంటరితనానికి మందా? పిల్లలు కొనిచ్చిన ఫోను పెట్టె విప్పగానే ఆ జబ్బు కుదురుతుందా? 2020లో కోక్రేన్ సంస్థ పరిశోధకులు అప్పటి దాకా జరిగిన పరీక్షలను వెతికి చూశారు. నికరంగా దొరికినవి మూడు. మూడూ తైవాన్‌లోని వృద్ధుల ఆశ్రమాలలో జరిగినవే. అందరూ కలిపి 201 మంది. వీడియో కాల్స్ వల్ల ఒంటరితనం పెద్దగా తగ్గినట్లు వాటిలో రుజువు కాలేదు. ఈ మాట వినగానే ఫోను అటక మీద పెట్టనక్కరలేదు. యంత్రం వూరికే ఇంట్లో వున్నంత మాత్రాన ఏమీ కాదని మాత్రం గ్రహించవచ్చు. దాన్ని ఎవరు, ఎలా, ఎవరితో వాడుతున్నారన్నదే అసలు సంగతి.

ఎలా వాడుతున్నారో చూద్దాం. ఫోను ఒళ్ళో పెట్టుకుని వంగి చూస్తారు. అవతలి మనమడికి కనబడేది నుదుటి బొట్టు, దాని పైన తిరుగుతున్న ఫాను.

“అమ్మమ్మా, నీ నుదురే కనబడుతోంది. ఫోను పైకి ఎత్తు!”

“ఎత్తితే నువ్వు కనబడవురా నాన్నా!”

ఈ సంభాషణ జరగని ఇల్లు వుండదేమో. దీనికి మందు అయిదు నిమిషాల పని. బియ్యం డబ్బానో, రెండు పుస్తకాలో ఎత్తుగా పెట్టి, ఫోనును కళ్ళ ఎత్తున ఆనించి నిలబెట్టాలి. కిటికీ వీపు వెనక వుండకూడదు. వుంటే మొహం నల్లటి నీడ అవుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. చేతులు ఖాళీ అవుతాయి గనక మాట కూడా స్వేచ్ఛగా వస్తుంది. మన వాళ్ళు చేతులు కదపకుండా మాట్లాడలేరు గదా!

చెవి సంగతి అంతకంటె ముఖ్యం. “మా నాన్నకు ఫోనంటే ఇష్టం లేదండీ, రెండు మాటలనగానే అమ్మకు ఇచ్చేస్తారు” అంటారు కొందరు. ఆయనకు ఇష్టం లేక కాదు, వినబడక. వినబడలేదని ఒప్పుకోవడం చిన్నతనం. కర్మాగారపు చప్పుడులో యేళ్ళ తరబడి పనిచేసిన చెవులకు ఆ ఇబ్బంది రావడం వింత కాదు. వినికిడి తగ్గడం, నలుగురికీ దూరమవడం – ఈ రెండూ మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాలలో వున్నవని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘం 2020లోనూ, మళ్ళీ 2024లోనూ చెప్పింది. వినికిడి పరీక్ష చేయించి యంత్రం అమర్చాక చూడండి, ఆ నాన్నగారే ఫోను వదలరు. ఈలోగా పిల్లలు చేయవలసింది అరవడం కాదు; మొహం పూర్తిగా కనబడేలా కూర్చుని, ఒక్కొక్కరుగా, నిదానంగా మాట్లాడడం. పెదవుల కదలిక సగం వినిపిస్తుంది.

తరవాత, ఏం మాట్లాడడం? “తిన్నావా? ఏం కూర? మందులు వేసుకున్నావా?” రోజూ ఇవే మూడు ప్రశ్నలైతే అది మాటవరస కాదు, హాజరు పట్టీ. అసలు మాట్లాడి తీరాలని ఎవరన్నారు? ఫోను వంటింటి గట్టు మీద నిలబెట్టి ఇక్కడ అత్తగారు, అక్కడ కోడలు ఎవరి వంట వారు చేసుకుంటూ వుండవచ్చు. “ఆవాలు చిటపటలాడాకే ఇంగువ వెయ్యి” అని ఓ మాట, అటునుంచి ఓ నవ్వు. ఆవకాయ కలిపే రోజున కారం పాళ్ళు చూపించడానికి ఇంతకు మించిన సాధనం లేదు. మనమరాలికి తెలుగు అక్షరాలు రాకపోతే తాతగారు పలక పట్టుకుని కూర్చోవచ్చు. వారానికి రెండు రోజులు, పావుగంట. అప్పుడు తాతగారు ఫోనుకోసం కాచుకున్న మనిషి కారు, పాఠం చెప్పవలసిన మాస్టారు.

ఇంకో ముచ్చట. పెద్దవాళ్ళ ఫోనులో పిల్లల నెంబర్లే వుంటాయి. అది చాలదు. వారి వయస్సు వారు యేమయ్యారు? ఒకే షిఫ్టులో పనిచేసిన స్నేహితుడు విశాఖలో వున్నాడు. చెల్లెలు జహీరాబాదులో మోకాళ్ళ నొప్పులతో గడప దాటడం లేదు. బాల్య స్నేహితురాలు పదేళ్ళుగా మాటలేకుండా వుంది. వారితో మాట కలిపిస్తే ఆ సంభాషణకు ఎవరూ విషయాలు అందించనక్కరలేదు. కొడుకు అమెరికానుంచి వచ్చినప్పుడు కొత్త ఫోను కొనేకంటె, ఆ నలుగురి మొహాలూ పాత ఫోనులో పెద్ద బొమ్మలుగా పెట్టి, ఏది నొక్కాలో పదిసార్లు విసుగులేకుండా చేయించి వెడితే మేలు. “చెప్పాను కదమ్మా” అనే మాట ఒక్కటి మానుకోవాలి సుమా!

ఇక జాగ్రత్త. ఇదే తెర మీద పోలీసు దుస్తుల్లో ఎవడో ప్రత్యక్షమై, “మీ పేర మత్తు మందుల పార్సెలు దొరికింది, మిమ్మల్ని ‘డిజిటల్ అరెస్టు’ చేశాం, గదిలోంచి కదలకండి” అని బెదిరిస్తాడు. పింఛను డబ్బు పంపేదాకా వదలడు. ఒంటరిగా వున్నవారినే వెతుక్కుంటారు వీళ్ళు. మన చట్టంలో అలాటి అరెస్టు లేనే లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు. ఫోను పెట్టేయడమే జవాబు. పొరపాటున డబ్బు పంపితే వెంటనే 1930 నెంబరుకు చెప్పాలి. ఆలస్యం చేసినకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. వృద్ధులకు మరే సహాయం కావాలన్నా 14567 అనే నెంబరు వుంది. ఈ రెండూ పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి.

అమెరికాలో పిల్లలున్నవారు కాలెండరు మీద రెండు తేదీలు కూడా చుట్టి పెట్టుకోవాలి. అక్కడ మార్చి నెల రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. డల్లాస్ మనకంటె వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఈ సంగతి తెలియక నవంబరు మొదటి సోమవారం పొద్దున్న తొమ్మిదింటి ఫోను కోసం కాచుకున్న తల్లి, తొమ్మిదిన్నరకు గుమ్మంలోకి వచ్చి, తొమ్మిదీ నలభైకి పక్కింటి వాళ్ళను పిలిచి, పదింటికి ఫోను మోగేసరికి కన్నీళ్ళతో వుంటుంది. కొడుకు మాత్రం వాళ్ళ గడియారం ప్రకారం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు.