కరిగిన దీపం... గాజై వెలిగింది!

మొదటిసారి చేసినప్పుడు బల్బు వేడికి కరిగిపోయిందా దీపం. నాలుగేళ్ల తర్వాత గాజు గిన్నె పెట్టుకుని మళ్లీ వచ్చింది. ఇక వెనుదిరిగి చూడలేదు!

బల్లమీద ఓ పొట్టి స్తంభం. దానిమీద వెల్లకిలా పెట్టిన పెద్ద గాజు గిన్నె. గిన్నెకి మూతలా తెల్లటి పళ్లెం. చూస్తే వంటింటి సామాను ఒకదానిమీద ఒకటి పేర్చినట్టే ఉంటుంది. కానీ అది దీపం. పేరు ‘టాచా’. ఇటలీలోని మిలాన్‌కి చెందిన అన్నదమ్ములు పియర్ జాకొమో, అకిలే కాస్టిల్యోనీల సృష్టి. అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ తయారవుతూనే ఉంది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోనూ చోటు సంపాదించుకుంది.

ఇంతకీ బల్బు ఎక్కడ? ఎంత వెతికినా కనిపించదు. అది స్తంభంలో దాక్కుని ఉంటుంది. వెలుగు గాజు గిన్నెలోంచి పైకి వెళ్లి, తెల్లటి పళ్లేన్ని తాకి, మెత్తగా కిందికి దిగుతుంది. కళ్లల్లోకి కొట్టదు. గిన్నెకి బిగింపులేమీ ఉండవు. స్తంభం అంచుమీద ఊరికే కూర్చుని ఉంటుంది. వెలుతురు ఎటు కావాలంటే అటు చేత్తో వంచుకోవడమే!

వేడితో వచ్చిన తంటా

1958లో చేసిన నమూనాకి పెట్టింది ప్లాస్టిక్ గిన్నె. బల్బు వేడికి అది కాస్తా కరిగి రూపం చెడింది. దాంతో దీపం అటకెక్కింది. 1962లో అన్నదమ్ములు ప్లాస్టిక్‌ని పక్కనపెట్టి గాజుని ఎంచుకున్నారు. అదే ఏడాది పుట్టిన ‘ఫ్లోస్’ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. స్తంభం చుట్టూ ఉన్న నిలువు గాడులు చూస్తే పాతకాలపు గ్రీకు కట్టడాలు గుర్తొస్తాయి. కానీ అవి అందం కోసమే కాదు, లోపలి వేడిని త్వరగా బయటికి పంపడానికి కూడా!

ట్రాక్టరు సీటు... కారు లైటు

అకిలే 1918లో పుట్టారు. తండ్రి శిల్పి. ఎవరు కనిపెట్టారో తెలియని మామూలు వస్తువులంటే అకిలేకి మహా ఇష్టం. కత్తెరలు, కళ్లజోళ్లు, బొమ్మలు... ఏది నచ్చినా తెచ్చి స్టూడియోలో దాచుకునేవారు. వాటినే విద్యార్థులకు చూపించి పాఠాలు చెప్పేవారు. అన్నదమ్ముల తీరే అంత. ట్రాక్టరు సీటుతో స్టూలు చేశారు. కారు హెడ్‌లైటుతో నిలువు దీపం చేశారు. 1968లో పియర్ జాకొమో కన్నుమూశాక అకిలే ఒక్కరే పని కొనసాగించారు. 2002లో తుదిశ్వాస విడిచారు. తమ దీపాల్లో ‘టాచా’ని ఆయన మెర్సిడెస్ కారుతో పోల్చేవారట.

ఇప్పుడు ఆ దీపంలోకి ఎల్‌ఈడీలు వచ్చాయి. వాటికి అంత వేడి ఉండదు. అందుకే ‘ఫ్లోస్’ ప్లాస్టిక్ గిన్నెతోనూ ‘టాచా’ని తయారుచేసింది. అంటే, 1958లో కరిగిపోయిన ఆలోచన ఇన్నేళ్లకు నిలబడిందన్నమాట. అయినా ‘టాచా’ అనగానే గుర్తొచ్చేది మాత్రం... ఆరోజు ఆపద్ధర్మంగా వచ్చిన ఆ గాజు గిన్నే!