లెక్కకు రాని శక్తి

విశాఖ రేవులో కాటా ఎక్కి బయల్దేరిన బొగ్గు లారీని, చేరినచోట మళ్లీ తూస్తే తూకం తగ్గిందనుకోండి. తేమ ఆరిందా, దారిలో ఎవరైనా దించుకున్నారా, కాటాలోనే తేడా ఉందా? కణ భౌతిక శాస్త్రవేత్తలనూ తినేసే అనుమానాలివే.

1995 ఏప్రిల్ 28న అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో ఒక ప్రోటాన్, ఒక యాంటీప్రోటాన్ గుద్దుకున్నాయి. సీడీఎఫ్ డిటెక్టర్‌లో రెండు ఎలక్ట్రాన్లు, రెండు ఫోటాన్లు నమోదయ్యాయి. కణాలు దూసుకొచ్చిన దారికి అడ్డంగా చూస్తే, అటూ ఇటూ చిమ్మింది సరితూగాలి. తూగలేదు. దాదాపు 55 జీఈవీ శక్తి లెక్కకు రాలేదు. తెలిసిన సూత్రాల ప్రకారం అప్పటి డేటా మొత్తంలో ఇలాంటి ఘటన ఒక్కసారి కనబడే అవకాశం పదిలక్షల్లో ఒకటి.

సిద్ధాంతకర్తలు ఊరుకుంటారా? ప్రతి కణానికీ ఓ జోడీ కణం ఉంటుందనే సూపర్‌సిమెట్రీ సిద్ధంగా ఉంది. గోర్డన్ కేన్ బృందం లెక్కలో ఎలక్ట్రాన్లకు జోడీలైన సెలెక్ట్రాన్ల జంట పుట్టి, విడిపోతూ ఎలక్ట్రాన్లనూ ఫోటాన్లనూ విదిలించింది. చివరికి మిగిలిన న్యూట్రలినోలనే జోడీ కణాలు కంటికి చిక్కకుండా జారుకున్నాయి. డిమోపౌలోస్, డైన్ తదితరుల లెక్కలో జారుకున్నవి గ్రావిటినోలనే మరో రకం జోడీ కణాలు. రెండు కథలూ అతికాయి. నూటికి పైగా సర్దుకునే సంఖ్యలున్న సిద్ధాంతానికి అతకడం గొప్పేమీ కాదని నా అభిప్రాయం.

అలాగని, కనబడని శక్తికి కణాన్ని ఊహించడం పిచ్చిపనీ కాదు. బీటా కిరణాల కథే అందుకు సాక్ష్యం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక ప్రయోగశాలకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టినవారు. సన్యాసం పుచ్చుకున్నాకే యూరప్ వెళ్లి భౌతిక శాస్త్రం చదివారు. లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర, బీటా కిరణాలపై పనిచేశారు. పరమాణు కేంద్రకం నుంచి వెలువడే ఆ ఎలక్ట్రాన్లలో శక్తి ఎప్పుడూ కొంత తగ్గేది. ఆ లోటును పూడ్చడానికే పౌలీ 1930లో ఓ కొత్త కణాన్ని ఊహించాడు. ఆ కణమే న్యూట్రినో; అది 1956లో గానీ పట్టుబడలేదు. 1965లో కోలార్ బంగారు గనుల లోతుల్లో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ మనవాళ్లకూ దొరికింది.

మరి పౌలీ ఊహకూ, కేన్ ఊహకూ తేడా ఎక్కడ? బీటా లోటు ప్రతి ప్రయోగశాలలో, ఎన్నిసార్లు కొలిస్తే అన్నిసార్లూ కనబడింది. సీడీఎఫ్ ఘటన ఒకే ఒక్కటి. పైగా ఆ రెండు ఎలక్ట్రాన్లలో ఒకటి నిజంగా ఎలక్ట్రానేనా అని సీడీఎఫ్ బృందమే తర్వాత సందేహం వ్యక్తంచేసింది. ఈ గుద్దుళ్లు జరిపిన ఫెర్మీల్యాబ్ యంత్రం టెవట్రాన్, 2011లో మూతపడేలోపు అంతకు వంద రెట్లు డేటా పోగేసింది. రెండు ఫోటాన్లతో పాటు శక్తి లోటున్న ఘటనల్లో అదనంగా తేలిందేమీ లేదు. సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీలో ఆ వెతుకులాట కొనసాగింది. అక్కడి అట్లాస్, సీఎంఎస్ బృందాలకూ ఇప్పటిదాకా సూపర్‌సిమెట్రీ జాడ చిక్కలేదు.