కడుపులోని క్రిమి

పట్టిసీమకడ గోదావరి జలమును 24 పంపులతో నెత్తి కృష్ణకు తరలించు పథకము 2015లో ఆరంభమయినది. ఎండు పైరులకు నీరిచ్చుటకై చూపబడిన పట్టుదల శ్లాఘింపదగినదే. కాని చేనికి నీరందించుటతో కర్తవ్యము తీరదు. బిందెలోని నీటిని గూర్చియు, కడుపులోని జబ్బును గూర్చియు మన మాలోచింపవలసియున్నది. కడుపుమంట, పులిత్రేనుపులు, అన్నము తినినంతనే నొప్పి - ఇవి మన జిల్లాలలో ఇంటింట వినబడు మాటలే. "వేడి చేసినది" అని మజ్జిగ త్రాగి, సోడా పుచ్చుకొని, మందులంగడిలో నొక బిళ్ల కొని మ్రింగి, ఏండ్లు గడపువారు పెక్కురు. ఈ యుపేక్ష కొందరికి ప్రాణాంతకము కాగలదని హెచ్చరించుట మా విధి.

ఆమ్లముతో నిండిన జీర్ణకోశమున ఏ క్రిమియు బ్రతుకజాలదని వైద్యులు చిరకాలము నమ్మియుండిరి. ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులిరువురు ఆ నమ్మకమును వమ్ముచేసిరి. హెలికోబాక్టర్ పైలోరీ యను మెలిక తిరిగిన క్రిమిని 1982లో రోగుల జీర్ణకోశమునుండి తీసి పెంచగలిగిరి. లోకము సందేహింపగా, 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి, కడుపులో వాపు తెచ్చుకొని నిరూపించెను. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. అంతకు మునుపే, 1994లో, ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ యీ క్రిమిని నిశ్చయముగా క్యాన్సరు కలిగించువానిలో చేర్చినది.

ఈ క్రిమి తన చుట్టునున్న ఆమ్లమును విరిచివేసి, కడుపులోని జిగురుపొరలో తలదాచుకొనును. సాధారణముగా బాల్యముననే, ఇంటిలో నొకరినుండి యొకరికి సోకును; అశుద్ధమైన నీరును దానికొక దారియని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. చికిత్స లేనిచో జీవితాంతము విడువదు. దానివలని వాపు ఏండ్ల తరబడి సాగి, కడుపుపొర క్షీణించి, కణములు రూపుమారి, కొందరికి తుదకు మన పెద్దలు రాచపుండనెడి క్యాన్సరుగా పరిణమించును.

అయితే అందరును భీతిల్లబనిలేదు. క్రిమి సోకినవారిలో నూటికి ఒకరు మొదలు ముగ్గురివరకే యీ దుర్దశకు వత్తురు. మన దేశమున క్రిమి విరివిగా నున్నను, పెక్కు ప్రాంతములలో జీర్ణకోశపు క్యాన్సరు తక్కువ. మిజోరమున మాత్రము మిక్కుటము. కావున క్రిమికి ఇతర కారణములును తోడగుచున్నవి. అందు పొగాకును, ఉప్పులో నిలువచేసిన ఆహారమును ముఖ్యములు. లంకపొగాకు చుట్టయు, ఉప్పుచేపయు మన తీరమునకు క్రొత్తవి కావు గదా!

ఈ శత్రువునకు మందున్నది. ఆ మందులోనొక భాగమునకు మన డెల్టాతో బాంధవ్యమున్నది. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను స్ప్రూ యను ప్రేగుజబ్బు బలిగొనగా చూచినవారు. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు వారు అధ్యక్షులుగా నున్నపుడు బెంజమిన్ డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. దాని వంశములోనిదే టెట్రాసైక్లిన్. బిస్మత్, మెట్రోనిడజోల్, ఆమ్లమును తగ్గించు మందు - వీనితో గలిపి దానిని వైద్యులు నేడీ క్రిమిపై ప్రయోగించుచున్నారు. సామాన్యముగా పదునాలుగు దినములు వాడవలెను. నొప్పి తగ్గినదని నడుమ మానినచో క్రిమి చావక మందునకే లొంగనిదగును.

క్రిమిని నిర్మూలించుటవలన ఫలమున్నదా యందురా? తైవాను పాలనలోని మట్సూ ద్వీపములలో 2004 మొదలు పెద్దలను పరీక్షించి, క్రిమి గలవారికి మందిచ్చిరి. అచట జీర్ణకోశపు క్యాన్సరు సుమారు సగము తగ్గినదని 2021లో ప్రకటించిరి.

కడుపులో పుండున్నవారును, తలిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సరు వచ్చినవారును పరీక్ష చేయించుకొనవలెను. ఊపిరి పరీక్షయు, మలపరీక్షయు దీనికి చాలును. అకారణముగా చిక్కిపోవుట, నల్లని విరేచనము, రక్తపు వాంతి, మ్రింగుట కష్టమగుట - ఇవి కనబడినచో ఒక్కదినమైనను తడయక కడుపులోనికి గొట్టము పంపి చూడగల వైద్యునొద్దకు పోవలెను.

ప్రభుత్వమునకును మా మనవి యొకటి. ఈ పరీక్షలు నగరములందలి ధనికులకే దక్కరాదు. పల్లెవానికి తాలూకా ఆసుపత్రిలోనే లభింపవలెను. ప్రతి గ్రామమునకు శుద్ధజలము, ప్రతి యింటికి మరుగుదొడ్డి సమకూరవలెను. నదిని నదితో కలుపగలిగిన జాతికి బిందెడు నీటిని శుద్ధిచేయుట యసాధ్యము కాదు.