ఎత్తేది పంపు, నిలిపేది కవాటం

పెద్ద భవనాలు నిర్మించే చోట చక్రాల మీద కదిలే క్రేనును చూడనివారు ఉండరు. దాని పొడవైన చేతిని పైకి లేపేది ఉక్కు సిలిండరులోని ముషలకం; ఆ ముషలకాన్ని నెట్టేది పంపు పంపే నూనె. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. అయితే లేచిన బరువును గాలిలో నిలిపి ఉంచేది ఏది? ఇంజను ఆగినా, నూనె గొట్టం పగిలినా అది క్రిందనున్నవారి మీద పడకుండా ఆపేది ఏది? గల్ఫ్ దేశాల నిర్మాణ స్థలాలలో మన తెలుగు కార్మికులు ఎందరో ఇటువంటి యంత్రాల చెంతనే పనిచేస్తున్నారు. కనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

మూసిన పాత్రలోని ద్రవం మీద కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ నిరూపించాడు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతో పనిచేసే ప్రెస్సుకు పేటెంటు పొందాడు. 1840లలో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూకాసిల్ రేవులో నీటి పీడనంతో నడిచే క్రేనును నెలకొల్పాడు. నేటి యంత్రాలలో నీటి స్థానాన్ని ఖనిజ తైలం ఆక్రమించింది. 20 సెంటీమీటర్ల వ్యాసం గల ముషలకం వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 200 కిలోల పీడనం ఇస్తే అది దాదాపు 63 టన్నులను మోయగలదు.

ఈ బలాన్ని అదుపులో ఉంచేవి ముఖ్యంగా మూడు కవాటాలు. మొదటిది దారి చూపే కవాటం. అందులో నేతగాని కండెను పోలిన ఉక్కు కడ్డీ ఇటూ అటూ జరుగుతూ నూనెను ముషలకం పైవైపుకో, క్రిందివైపుకో మళ్లిస్తుంది. రెండవది రక్షక కవాటం. పీడనం హద్దు మీరితే దీనిలోని స్ప్రింగు లొంగి, నూనెను తిరిగి ట్యాంకులోకి వదులుతుంది.

కండెకూ దాని గూటికీ మధ్య కొద్ది మైక్రాన్ల సందు తప్పనిసరి. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఆ సందు ఎంత సన్ననిదో ఊహించవచ్చు. అయినా అందులోనుండి నూనె మెల్లగా జారుతూనే ఉంటుంది. కనుక బరువును నిలిపే బాధ్యతను దానికి అప్పగించరాదు. ఆ పని మూడవదైన నిలుపుదల కవాటానిది. సైకిలు ట్యూబు వాల్వు గాలిని లోనికి రానిచ్చి వెలుపలికి పోనివ్వనట్లే, ఇది సిలిండరులోకి నూనెను స్వేచ్ఛగా రానిచ్చి, తిరుగుదారిని శంకువు ఆకారపు మూతతో బిగిస్తుంది. బరువును దింపాలంటే, ముషలకం రెండవవైపు పంపు కలిగించే పీడనం ఒక సన్నని మార్గం ద్వారా వచ్చి ఈ మూతను తెరవాలి. బరువు తొందరపడి జారబోతే ఆ పీడనం పడిపోతుంది. మూత తిరిగి మూసుకుంటుంది. గొట్టం పగిలినా అంతే. అందుకే దీనిని సిలిండరుకే నేరుగా బిగిస్తారు. గొట్టానికి ఆవలి కొసన ఉంచితే, ఆ గొట్టం పగిలిననాడు అది ఉండీ ప్రయోజనం లేదు.

మా రసాయన శాస్త్రం ప్రవేశించేది ఇక్కడే. వేడికి నూనె ఆక్సీకరణం చెందుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. ఫలితంగా పుట్టే ఆమ్లాలు లోహాన్ని తింటాయి. జిగురు పొర కండెను పట్టివేస్తుంది. ఒక్క ఇసుక రేణువు మూత అంచున చిక్కుకున్నా అది పూర్తిగా మూసుకోదు. ఎడారి వేడిలో, ధూళిలో పనిచేసే యంత్రానికి వడపోత, సకాలంలో నూనె మార్పిడి ఖర్చు తగ్గించుకోదగిన అంశాలు కావు.

మరొక ప్రమాదం మానవ హస్తం వల్ల కలిగేది. క్రేను బరువు ఎత్తడం లేదని రక్షక కవాటం మరను బిగించేవారున్నారు. అది సిలిండరును, గొట్టాలను వాటి శక్తికి మించిన పీడనానికి గురిచేయడమే. నిలుపుదల కవాటం విషయం ఇంకా చిత్రమైనది. చాలా రకాలలో మరను గడియారపు ముల్లు దిశలో త్రిప్పితే, రక్షక కవాటానికి విరుద్ధంగా, దాని పట్టు సడలుతుంది. బిగిస్తున్నాననుకున్న మెకానిక్కే బరువును వదిలివేసే అవకాశం ఉంది. కనుక బరువు వ్రేలాడుతుండగా ఆ మరను ముట్టరాదు. తయారీదారు సూచనలు చదవనిదే అసలే ముట్టరాదు.

ఇన్ని రక్షణలున్నా ఎత్తిన బరువు క్రింద నిలబడడం క్షేమం కాదు. ఈ మాటను మన ఇళ్లనుండి అటువంటి పనులకు వెళ్లే ప్రతి ఒక్కరికీ తెలియజెప్పడం మన కర్తవ్యం.