పాత ఆటయంత్రంలో మన పాటలు

పాటను దాచుకొనడం ఒక పని. దాచిన పాటను వలసినప్పుడు వెదకి తీయగలగడం మరొక పని. రేడియో కేంద్రంలో ఉద్యోగం చేసేవారికి ఈ రెండవ పనిలోని కష్టం బాగా తెలుసును. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన నాటి నుండి గ్రామఫోను రికార్డులు, టేపులు, కాంపాక్టు డిస్కులు, కంప్యూటరు దస్త్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. సామగ్రి మారినది గాని ఒక నియమం మారలేదు. బీరువాలో రికార్డు ఉన్నంత మాత్రాన చాలదు. జాబితాలో దానికొక పద్దు ఉండవలెను. పద్దు లేని రికార్డు ఉండీ లేనిదే.

ఈ నియమం ఇటీవల పామర్రులో, మా అక్కయ్యగారింట, ఒక ఆటవస్తువులో నాకు కనిపించినది. బావగారి తమ్ముడు 2005లో అమెరికా నుండి వస్తూ ఎక్స్‌బాక్స్ అనే ఆటయంత్రాన్ని తెచ్చి, పిల్లల కోసం ఇక్కడ విడిచి వెళ్లినాడు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230 వోల్టులు గనుక దానికొక ట్రాన్స్‌ఫార్మరును కూడ అమర్చవలసి వచ్చినది. బావగారు సంగీతప్రియులు. క్షేత్రయ్య స్వగ్రామమని చెప్పుకొనే మొవ్వ, నాట్యానికి పేరెన్నిక గన్న కూచిపూడి పామర్రుకు ఎంతో దూరం కావు. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922లో జన్మించిన చౌటపల్లి గుడివాడ ప్రాంతంలోనిదే. అందుచేత ఆ ఇంట పదాల డిస్కులకు, ఘంటసాల పాటల డిస్కులకు కొదవ లేదు. అవన్నీ క్రమంగా ఆ యంత్రంలోకి ఎక్కినవి.

వాటితోపాటు మరొకటి కూడ ఎక్కినది. అక్కయ్య పెండ్లినాడు మా అమ్మగారు పాడిన ఆరు పాటలను, అనగా మంగళహారతులను, అప్పగింత పాటలను, అప్పట్లో క్యాసెట్టుపై పట్టినాము. పిమ్మట వాటిని డిస్కుపైకి మార్పించినాము. అమ్మగారు ఇప్పుడు లేరు. క్యాసెట్టు చెమ్మకు బూజుపట్టిపోయినది. డిస్కు గీతలుపడి చెడిపోయినది. మిగిలినది యంత్రంలోని ప్రతి ఒక్కటే. కడచిన వేసవిలో ఆ యంత్రం ఒకనాడు వెలిగి, మరునాడు వెలగక మొరాయించసాగినది. దాని లోపలి సంగతులను తెలుసుకొనే అవసరం మాకు అప్పుడు కలిగినది.

మైక్రోసాఫ్టు సంస్థ ఈ యంత్రాన్ని 2001 నవంబరు 15వ తేదీన అమెరికాలో విడుదల చేసినది. 8 లేక 10 గిగాబైట్ల హార్డు డిస్కు ఇందులో ఉన్నది. కాంపాక్టు డిస్కును లోపల ఉంచి కోరినచో యంత్రం అందలి పాటలను చదివి, కుదించి, తన హార్డు డిస్కులో భద్రపరుస్తుంది. కాంపాక్టు డిస్కులో సెకను సంగీతానికి 14 లక్షల పైచిలుకు బిట్లు ఉంటవి. యంత్రం దానిని డబ్ల్యు.ఎం.ఏ. అనే రూపంలో, సెకనుకు 1 లక్షా 28 వేల బిట్లకు, అనగా సుమారు పదకొండవ వంతుకు తగ్గిస్తుంది. నాలుగు నిమిషాల పాటకు నాలుగు మెగాబైట్ల లోపు చోటు చాలును. ఆటల నిల్వలకు, పాటలకు కలిపి కేటాయించిన భాగం దాదాపు 5 గిగాబైట్లు. అదంతా పాటలకే ఇచ్చినట్లయితే 80 గంటలకు పైబడిన సంగీతం పడుతుంది. ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ వంటి కొన్ని ఆటలు, తమ సంగీతానికి బదులు, ఇట్లు చేర్చిన పాటలను వినిపించగలవు. అమెరికా వీధులలో కారు పందెం సాగుతుండగా క్షేత్రయ్య పదం వినబడడం ఆ ఇంట సాధారణ విషయం.

ఇక పాటల అమరిక సంగతి. యజమాని ఇష్టప్రకారం ఏర్పరచుకొన్న పాటల కట్టను సౌండ్‌ట్రాక్ అంటారు. ఒక్కొక్క కట్టకు ఒక్కొక్క అర. అరకు నాలుగు గుర్తుల సంఖ్య, పాటకు ఎనిమిది గుర్తుల సంఖ్య. పాట పేరు ఆ దస్త్రంపై ఎక్కడా ఉండదు. పేర్లన్నీ ‘ఎస్‌టి.డిబి’ అనే వేరొక చిన్న దస్త్రంలో ఉంటవి. అదే పద్దుపుస్తకం. ఏ కట్టలో ఏ పాటలు ఉన్నవి, వాటి పేర్లేమి, ఒక్కొక్క పాట ఎన్ని మిల్లీ సెకన్లు సాగుతుంది అనే వివరాలను, ఆరేసి పాటలకు ఒక పుట చొప్పున, అందులో వ్రాసుకొంటుంది. కట్టలు 100కు, కట్టకు పాటలు 500కు మించరాదు. పేరుకు 31 అక్షరాలే పరిమితి. అందులోను తెలుగు లిపికి తావు లేదు.

ఆటగాని, యంత్రపు ముఖపత్రంగాని పాటను నేరుగా వెదకదు. ఈ పుస్తకాన్ని అడుగుతుంది. ఈ సంగతి తెలియక మా మేనల్లుడు మొదట పొరబడినాడు. యంత్రంలోని కార్యక్రమాలను మార్చి, సంస్థ అనుమతించని కార్యక్రమాలను కూడ నడిపించే ఉపాయాలు చాలాకాలంగా ఉన్నవి. దొంగ ప్రతుల ఆటలకు వాటిని వాడినవారు లేకపోలేదు, అది చట్టవిరుద్ధం. సొంత పాటలను సర్దుకొనడం వరకే మన ప్రస్తుతాంశం. ఇట్లు మార్చిన యంత్రాన్ని తీగ ద్వారా కంప్యూటరుకు కలిపి దస్త్రాలను అటు నుండి ఇటు, ఇటు నుండి అటు పంపవచ్చును. మేనల్లుడు ఆ విధంగా కొన్ని పాటలను అరలలోకి పంపినాడు. దస్త్రాలు చేరినవి, తెరపై ఒక్కటీ కనబడలేదు. పుస్తకంలో పద్దు పడకపోవడమే కారణం. పాటను డబ్ల్యు.ఎం.ఏ. రూపానికి మార్చి, సౌండ్‌ట్రాకులను సవరించే కార్యక్రమం ద్వారా పద్దు వేయించిన పిమ్మటనే అవి పలికినవి. ఇట్టి మార్చిన యంత్రాల కొరకే పుట్టిన ఎక్స్‌బాక్స్ మీడియా సెంటరు, అనగా 2014లో కోడి అని పేరు మార్చుకొన్నది, ఈ పుస్తకంతో పని లేకుండనే పాటలను వినిపిస్తుంది. ఆటలు మాత్రం పుస్తకాన్ని తప్ప మరి దేనినీ నమ్మవు.

అందుచేత ప్రతి తీసుకొనేవారు అరలను, పద్దుపుస్తకాన్ని కలిపియే తీయవలెను. అరలు మాత్రమే తీసినచో సంఖ్యలే మిగులుతవి. పుస్తకం మాత్రమే తీసినచో పేర్లే మిగులుతవి. దస్త్రాల సంఖ్యలను చేతితో మార్చరాదు. ఒకమారు కుదించిన పాటను మరల మరల వేరు రూపాలకు మార్చినకొలదీ నాదం క్షీణిస్తుంది గనుక మొదటి ప్రతిని యథాతథంగా ఉంచుకొనవలెను.

మరి హార్డు డిస్కును ఊడదీసి కంప్యూటరుకు తగిలించరాదా అని శ్రోతలకు సందేహం కలుగవచ్చును. ఆ డిస్కుకు తాళం ఉన్నది. తాళపుచెవి యంత్రపు పలకపైనున్న 256 బైట్ల చిన్న స్మృతిఖండంలో దాగి ఉంటుంది. ఒక పలక చెవి మరొక పలక డిస్కుకు పనిచేయదు. పలక పాడైనచో డిస్కు బాగున్నను మామూలు పద్ధతిలో తెరువరాదు. ఈ పలకను పాడుచేసే శత్రువు ఒకటి దాని మీదనే ఉన్నది. గడియారాన్ని కొద్ది గంటలు నడిపించడానికి పెట్టిన కెపాసిటరు కాలక్రమంలో ద్రవం కార్చి, చుట్టునున్న సన్నని రాగి దారులను తినివేస్తుంది. 1.6 అనే చివరి నమూనాకు తప్ప తక్కిన నమూనాలన్నింటికి ఈ జబ్బు ఉన్నది. దానిని తీసివేసినందువలన నష్టం లేదు. యంత్రం వేళను మరచిపోతుంది, అంతే. పాత యంత్రం గలవారు ముందుగా తాళపుచెవికి ప్రతి తీసి, పిమ్మట ఆ కెపాసిటరును తెలిసినవారిచేత తీయించి పలకను శుభ్రపరచడం మంచిది.

మా యంత్రం ఒక సాయంకాలం వెలిగినది. మేనల్లుడు దానిని ఆపకుండా, మొదట తాళపుచెవిని, తరువాత పద్దుపుస్తకాన్ని, అరలను కంప్యూటరులోకి తీసినాడు. పుస్తకంలో ఆంగ్ల లిపిలో ‘అమ్మ’ అనే కట్ట ఉన్నది. దానిలో ఆరు పాటలు, వాటి వ్యవధులు ఉన్నవి. ఇంటిలో చేయించిన డిస్కులో పేర్లు లేనందున పాటలకు వరుస సంఖ్యలే పేర్లయినవి. పాటలు ఎవరివో, ఎంతసేపటివో పుస్తకం చెప్పినది. ఏ పాట ఏదో, ఏ వేళ పాడినదో అక్కయ్య చెప్పవలసి వచ్చినది. ఆమె విని చెప్పగా నేను తెలుగులో వ్రాసి, ఆ కాగితాన్ని ప్రతులతోపాటు మూడిండ్లలో ఉంచినాను.

నాలుగవ పాటలో అమ్మగారితో మరొక గొంతు కలిసినది. అది ఎవరిదో అక్కయ్యకు తెలియలేదు. చెప్పగలిగిన పెద్దమ్మ రెండేండ్ల క్రితమే గతించినది. కాగితంలో ఆ చోటు ఖాళీగా ఉన్నది. మీ ఇండ్లలోనూ ఇట్టి పాటలు ఉండవచ్చును. యంత్రం ఏదైనను సరే, చెప్పగలవారు ఉన్నప్పుడే పద్దు వ్రాసుకొనవలెను.